ఏడో సాలులో ఖాళీలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురం. మేం బాజాన్ అని పిలుచుకునే మా నాన్న, ఆయన తమ్ముడు కుద్దుస్ కాకా, అమ్మ, మా నాన్నమ్మ దాదీ, నేను, జనపనార పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన, అక్క అనే అర్థంలో ఊరంతా ఆపా అని పిలిచే నాహార్ ఆపా. మేకను కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ రోజు అందరికన్నా ఎక్కువ మాటపడింది అదే.

తెల్లారింది మొదలు వాన. రేకుల మీద పడే చప్పుడుకి గట్టిగా అరిస్తే తప్ప ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. అమ్మ వంటపాకలో పులసను శుభ్రం చేస్తోంది. ఆ ఏడాది మా ఇంటికి వచ్చిన మొదటి పులస అది. బాజాన్ ఆపా కోసం తెచ్చాడు. దాదీకి పళ్లు లేవు, వసారాలో కూర్చుని చిన్న రోట్లో వక్క, తమలపాకు దంచుకుంటోంది. ఆపా తడిసిన చెప్పులు గోడకు ఆనించి, లెక్కల పుస్తకానికి ప్లాస్టిక్ సంచి తొడుగుతోంది. నేను నా డైరీని ఓణీ కింద పెట్టుకుని గుంజ పక్కన నిలబడ్డాను.

ఆ రోజు చెప్పేయాలని లేవగానే అనుకున్నాను. అలా అనుకోవడం అది ఇరవయ్యో రోజు.

పోయిన ఏడాది కాండం కుళ్లు మా ఊరి జనప చేలను సగానికి సగం తినేసింది. మొక్క మనిషెత్తు పెరిగేదాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత ఆకులు వేలాడతాయి, కాండం గోధుమ రంగుకి తిరుగుతుంది, తొక్క మీద నల్లజీలకర్ర చల్లినట్టు చుక్కలు లేస్తాయి. అలాంటి మొక్కను నానబెట్టి నార తీస్తే చేతిలోనే తెగిపోతుంది. అందుకే ఈ ఏడాది ఏ రకం ఆ తెగులుకు నిలబడుతుందో చూడటానికి కేంద్రం వాళ్లకు చేను కావలసి వచ్చింది. కాలువ పక్కన పల్లపు మడిని బాజాన్ ఇచ్చాడు. తెగులు అందరికన్నా ముందు దిగింది ఆ మడిలోనే.

ఆపా చేసిన మొదటి పని చూడటానికి ఊరంతా వచ్చింది. పోయిన ఏడాది ఊళ్లో కుళ్లిన మోళ్లను ఏరించి, ముక్కలు కొట్టించి, మట్టిలో కలిపి దున్నించింది.

"ఆపా, జబ్బు రావద్దని జనం దువా చేస్తారు. మీరేమో దాన్ని పిలిచి అన్నం పెడుతున్నారు!" అన్నాడు కాకా.

"పిలవకపోతే దానికి ఎవరు లొంగుతారో, ఎవరు లొంగరో ఎలా తెలుస్తుంది కుద్దుస్ భాయ్?" అంది ఆపా.

పది సాళ్లు వేశారు. మొలిచాక పలుచన చేసి సాలుకి సరిగ్గా అరవై మొక్కలు ఉంచారు. ఒక్కో సాలు చివర నంబరు రాసిన మేకు. నాలుగో సాలులో కావాలనే బలహీనమైన రకం వేశారు. అది పడిపోతేనే మడిలో తెగులు ఉన్నట్టు, పరీక్ష సరిగ్గా జరిగినట్టు. కాకా దానికి బక్రీద్ మేక అని పేరు పెట్టాడు. షరతులు రెండే. ఒకటి, మందు కొట్టకూడదు. రెండు, ఒకసారి పలుచన చేశాక ఏ మొక్కనూ పీకకూడదు. జబ్బుపడినా సరే, చచ్చినా సరే, నిలబడి ఉండాల్సిందే. బాజాన్ ఇంటికొచ్చి అందరికీ చెప్పాడు. దాదీ కూడా తలూపింది.

ఏడో సాలు మాది. మా తాత దాచిన విత్తనం, ఎర్ర కాడ రకం. మా ఇంటిపేరు మొల్లా. "మొల్లా వాళ్ల జనప కుళ్లదు" అని ఊళ్లో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. తెగులు ముందు దిగింది మా మడిలోనే అయినా, పోయిన ఏడాది కూడా మా చేలో పెద్దగా పోలేదు. బాజాన్ రెండుసార్లు కేంద్రానికి వెళ్లి బతిమాలి ఆ విత్తనాన్ని పరీక్షలో పెట్టించాడు. అది నిలబడితే దాన్ని పెంచి, వచ్చే చైత్రంలో మా చుట్టుపక్కల ముప్పై ఇళ్లకు ఇస్తారు. కాగితాల్లో తాత పేరు పడుతుంది. ఈ మాట బాజాన్ టీ కొట్టులో ఎన్నిసార్లు చెప్పాడంటే, ఆయన్ని చూడగానే కొట్టువాడే ముందుగా "ఏడో నంబరు ఎలా ఉంది?" అని అడిగేవాడు.

లెక్క రాసే పని నాకు వచ్చింది. నేను తొమ్మిదో తరగతి. బళ్లో హాజరు పిలిచినప్పుడు నా బదులు పక్క అమ్మాయి "తొహురా ఉంది సార్" అంటుంది. అంత నెమ్మది నా గొంతు. ఆపా మొదటిసారి వచ్చినప్పుడు నా డైరీ చూసి, "చేతిరాత ముచ్చటగా ఉంది. ఏ సాలులో ఎన్నిటికి జబ్బు వచ్చిందో వారానికోసారి రాసిపెడతావా?" అంది. తలూపాను. వారానికోసారి అంటే నాకు తోచలేదు, రోజూ రాశాను.

ఆషాఢం ఒకటో తారీఖు పొద్దున నేను మడి దగ్గరికి వెళ్లేసరికి దాదీ అప్పటికే ఏడో సాలులో ఉంది. నమాజు చేసుకుని నేరుగా వచ్చినట్టుంది. నడుం వంచి ఒక్కో మొక్క మొదలు తడుముకుంటూ పోతోంది. ఒక చోట ఆగింది. వేలితో గీకి చూసింది. వేళ్లతో సహా పీకి చంకలో పెట్టుకుంది. ఇంకో నాలుగు అడుగుల తర్వాత ఇంకొకటి. గుంటను కాలితో పూడ్చింది. మిగతా తొమ్మిది సాళ్ల వైపు చూడను కూడా లేదు.

నేను గట్టు మీదే నిలబడిపోయాను. ఆ రోజు డైరీలో "7: దాదీ 2" అని రాసుకున్నాను. మర్నాడు ఒకటి. ఆ మర్నాడు ఏమీ లేదు. తర్వాత మూడు. అలా ఇరవై రోజుల్లో పందొమ్మిది.

బాజాన్ తెల్లవారకముందే వల తీయడానికి కాలువకు పోతాడు, దాదీని చూడలేదు. ఖాళీలు చూశాడు. మేక అనుకుని దాని మెడకు తాడు కట్టాడు. తాడు కట్టాక కూడా మొక్కలు తగ్గుతూనే ఉన్నాయి. ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించిన నేను నోరు తెరవలేదు. సాయంత్రం బాజాన్ "మన ఏడు ఎలా ఉందమ్మా?" అని అడిగినప్పుడు "నిలబడే ఉంది" అనేదాన్ని. అబద్ధం కాదు, ఉన్నవి నిలబడే ఉన్నాయి.

ఇక ఆ రోజు సంగతి. వాన కొంచెం తగ్గగానే మడికి వెళ్లాం. ఆపా లెక్కపెడుతుంటే నేను గొడుగు పట్టాను. నాలుగో సాలులో అరవైకి నలభై నాలుగు జబ్బుపడ్డాయి. "బక్రీద్ మేక తన పని తాను చేసింది" అన్నాడు కాకా. రెండో సాలులో మూడే. ఐదులో పదిహేను. ఏడుకి వచ్చాం. ఆపా ఒకసారి లెక్కపెట్టి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"జబ్బు రెండిటికే ఉంది. కానీ మొక్కలు నలభై ఒకటే ఉన్నాయి. మిగతావేవి?"

"మేక, ఆపా" అన్నాడు కాకా.

"మేక పందొమ్మిది మొక్కల్ని వేళ్లతో సహా తిందా?"

"మీరు దాన్ని తక్కువ అంచనా వేస్తున్నారు. పోయినేడు నా లుంగీ తినేసింది. అది నేను కట్టుకుని ఉన్నప్పుడే."

ఆపా నవ్వింది. నవ్వుతూనే పుస్తకంలో రాసుకుంది. "పశువుల వల్ల పందొమ్మిది నష్టం. మిగిలిన నలభై ఒకటిలో రెండు. అంటే వందకి ఐదు." తల ఎత్తి బాజాన్ వైపు చూసింది. "ఇద్రిస్ భాయ్, రెండో నంబరు కేంద్రం రకం. అది కాక నిలబడింది మీదొక్కటే. రేపే పైకి రాస్తాను. చైత్రానికి ముప్పై ఇళ్లకు ఇద్దాం."

బాజాన్, కాకా పట్టిన గొడుగు కిందనుంచి బయటికి నడిచి, వానలో అలాగే నిలబడ్డాడు.

నేను లోపల లెక్క వేసుకున్నాను. పందొమ్మిదీ రెండూ ఇరవై ఒకటి. అరవైకి ఇరవై ఒకటి. వందకి ముప్పై ఐదు. మూడో వంతు పైన. ముప్పై ఇళ్ల వాళ్లు మా మాట నమ్మి ఈ విత్తనం వేస్తారు. ఆషాఢం వాన పడగానే వాళ్ల చేలో మూడో వంతు కుళ్లిపోతుంది. ఇక ఆగడానికి లేదు అనుకున్నాను. డైరీ చేతికిస్తే ఆపా తనే చదువుకుంటుంది, అది నాకు తేలిక. కానీ బాజాన్ చదవలేడు. ఆయనకు ఇంకొకరు చదివి వినిపించడం నాకు ఇష్టం లేదు. నోటితోనే చెప్పాలి.

ఇంటికి రాగానే వంటపాకలోకి వెళ్లి ముందు అమ్మతో చెప్పాను. అమ్మ ఆవాలు నూరుతోంది. చెయ్యి ఆగింది.

"ఎప్పట్నించి?"

"ఒకటో తారీఖు నించి."

"ఇరవై రోజులు మింగి కూర్చున్నదానివి, ఇంకో గంట ఆగలేవూ? మీ బాజాన్‌ని ఒక ముద్ద తిననీ."

"తిన్నాక ఆపా వెళ్లిపోతుందమ్మా."

"వెళ్తే వెళ్తుంది. నువ్వు పుట్టిననాడు చూశానే ఆయన మొహం అలా వెలగడం. మళ్లీ ఇవాళ."

"ముప్పై ఇళ్లమ్మా."

అమ్మ ఆవపిండి ముద్ద తీసి కూరలో వేసింది. ఉడికాక గిన్నె నా చేతికి ఇచ్చింది. "పట్టుకెళ్లు. ఒలకబోయకు" అంది. చెప్పు అనీ అనలేదు, చెప్పొద్దు అనీ అనలేదు.

లోపల చాప మీద బాజాన్, కాకా, ఆపా కూర్చున్నారు. అన్నం, మైసూర్‌పప్పుతో జనపాకు కూర, ఆవపెట్టిన పులస. బాజాన్ చేప నడిమి ముక్క ఏరి ఆపా కంచంలో వేస్తున్నాడు. నేను గిన్నె కింద పెట్టాను. లేవలేదు. మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాను.

"మేక కాదు" అన్నాను.

వాన చప్పుడులో అది నాకే వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అన్నాను. "మేక తినలేదు."

కాకా ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. "ఎవరది మాట్లాడింది? మన తొహురానా? ఆపా, ముందిది రాసుకోండి, వందేళ్లకోసారి జరిగేది!"

"ఆగరా" అన్నాడు బాజాన్. నా వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"ఏడో సాలులో మొక్కలు మేక తినలేదు బాజాన్. పీకేశారు. జబ్బు వచ్చినవే చూసి పీకేశారు. పందొమ్మిది."

"ఎవరు?"

ఆ పేరు మాత్రం నా నోట రాలేదు. అవసరం కూడా లేకపోయింది. వసారాలో రోటి చప్పుడు ఆగింది.

"ఎవరేంట్రా, నేనే" అంది దాదీ. ఆమె గొంతులో తప్పు చేసిన జాడే లేదు. "కుళ్లినదాన్ని నిలబెట్టి చూస్తూ కూర్చుంటారా ఎవరైనా? పక్కదానికి అంటదూ? కోడలిగా వచ్చిన ఏడు మా అత్త చూపించింది, వేలితో గీకితే లోపల ఎరుపు తిరిగి ఉంటే పీకెయ్యమని. అప్పట్నించి ఒక్క ఏడు మానలా."

"అమ్మా, పీకొద్దని చెప్పానుగా!" అన్నాడు బాజాన్.

"చెప్పావు. అది ఈ అమ్మాయి తెచ్చిన వాటికి. వాటి జోలికి పోయానా? సర్కారు బిడ్డల్ని సర్కారు చూసుకుంటుంది. నా బిడ్డల్ని నేను చూసుకోనూ?"

ఆపా ఎడమ చేయి చాపింది. డైరీ ఇచ్చాను. తన పుస్తకం పక్కన పెట్టుకుని, కంచం పక్కకి జరిపి చూడటం మొదలుపెట్టింది. జ్యేష్ఠం చివర తను రెండోసారి లెక్కపెట్టిన రోజు తీసింది. నాలుగో సాలు ఆమె పుస్తకంలో పదకొండు, నా డైరీలో పదకొండు. ఐదో సాలు రెండిట్లోనూ రెండు. తొమ్మిదో సాలు ఆరు. పది సాళ్లూ వేలు పెట్టి చూసింది. ఒక్కటి కూడా తేడా లేదు.

"పీకినవి ఏం చేశారు దాదీ?" అని అడిగింది.

"ఏం చేస్తాం, పొయ్యిలోకే. చేలో పడేస్తే మళ్లీ మొలుస్తుంది ఆ పీడ."

వంటపాక అటక మీద ఇంకా ఎనిమిది ఉన్నాయి. అమ్మే దించి తెచ్చింది. ఆపా ఒక్కో కాండాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఎనిమిదింటికీ మొదట్లో నల్లచుక్కలు.

"పిల్ల లెక్క, ఒకటీ అరా తప్పయి ఉండదా?" అన్నాడు కాకా నెమ్మదిగా. వేళాకోళం పోయింది ఆ గొంతులో.

"ఉండదు" అన్నాడు బాజాన్. "దానికి మాట రాదు గానీ లెక్క వస్తుంది." ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు. "ఎంతవుతుంది ఆపా?"

"అరవైకి ఇరవై ఒకటి. వందకి ముప్పై ఐదు."

"అది ఇవ్వొచ్చా?"

"ఇవ్వకూడదు ఇద్రిస్ భాయ్."

ఆపా పాత అంకె మీద అడ్డంగా గీత గీసి, పక్కన కొత్తది రాసి, సంతకం పెట్టింది. డైరీ తిరిగి ఇచ్చేటప్పుడు మెచ్చుకోలేదు. "ఇరవై రోజుల కిందే చెప్పి ఉంటే పరీక్షకి ఆ సాలు దక్కేది తొహురా" అంది. అది నిజమే. తల దించుకున్నాను.

బాజాన్ పప్పుతో అన్నం తిన్నాడు. తన కంచంలో చేపను ముట్టుకోలేదు. చెయ్యి కడుక్కుని, "టీ కొట్టులో నేనే చెప్తాను, ఇంకెవరూ చెప్పొద్దు" అని కాకాతో అన్నాడు. గొడుగు తీసుకుని ఆపాను పడవ దాకా దింపడానికి వెళ్లాడు. గడప దాటుతూ నా నెత్తి మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టాడు. అది కోపమో కాదో నాకు తెలియలేదు, బరువుగా మాత్రం ఉంది.

దాదీ తన గదిలోకి వెళ్లింది. అది నా గది కూడా, నేను ఆమె పక్కనే పడుకుంటాను. నేను వెనకే వెళ్లాను.

మంచం మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటోంది. "ఏమంటుంది ఆ పిల్ల?" అంది. "నేను పీకడం వల్ల పోయిందా మన విత్తనం?"

"కాదు దాదీ. పీకకపోయినా ముప్పై ఐదే వచ్చేది. ఇంకా ఎక్కువే వచ్చేదేమో, పక్కవాటికి అంటుకుని."

"మరి నేను చేసింది మంచేగా?"

"మన చేనుకి మంచే."

"మరింకేంటి? ఆ ముప్పై ఇళ్ల వాళ్లనీ పీక్కోమను. నాకు నడుం లేదూ, వాళ్లకి లేదూ?"

నేను గడప మీద నిలబడి ఉన్నాను. అప్పటిదాకా నాకూ పూర్తిగా తెలియని ఒక సంగతి అప్పుడే తెలిసింది. మొల్లా వాళ్ల జనప కుళ్లదు అని ఊరంతా అన్నన్నాళ్లూ, రోజూ పొద్దున ఒక మనిషి వంగి ఒక్కో మొక్క తడుముతూనే ఉంది. అది ఎవరూ లెక్కలో రాయలేదు. దాదీకి సంతోషం అవుతుందనుకున్నాను. ఒకసారి నోరు తెరిచాక మళ్లీ మూయడం నాకు చేతకాలేదు.

"దాదీ, విత్తనంలో బలం లేదు. ఇన్నాళ్లూ నిలబెట్టింది నీ చేతులు."

మోకాళ్ల మీద చేతులు ఆగాయి.

"ఏమన్నావు?"

"తాత విత్తనం మామూలుదే దాదీ. అందరి విత్తనంలాగే కుళ్లుతుంది. నువ్వు పీకబట్టే…"

"మీ తాత," అంది దాదీ, "వరదలో ఇల్లు పోతుంటే బియ్యం వదిలేసి ఆ కుండ నెత్తిన పెట్టుకుని ఈదాడు. మీ బాజాన్‌ని నేనెత్తుకున్నాను. ఆ కుండలోది ఉత్తదని చెప్పడానికి వచ్చావా నువ్వు?"

"ఉత్తదనలేదు. నిజం…"

"నాలుగక్షరాలు వచ్చాయని లెక్కలు రాశావు. నన్ను రాశావు ఆ పుస్తకంలో. రోజూ వెనక నిలబడి చూసి రాశావు. ఒక్కనాడు పిలిచి, దాదీ ఎందుకు పీకుతున్నావని అడిగావా?"

అడగలేదు. అయినా చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. "అడగకపోవడం తప్పే దాదీ," అన్నాను, "కానీ లెక్క తప్పు కాదు."

దాదీ లేచింది. మంచం పట్టె పట్టుకుని, గోడ పట్టుకుని, నా దాకా వచ్చింది. అంత దగ్గర్నుంచి ఆమె వేళ్ల గోళ్లలో ఇంకా మట్టి కనపడింది. చంకలో పెట్టుకొచ్చిన నా దిండును నా చేతుల్లో పెట్టింది. తలుపు మూసి, లోపల గడియ వేసుకుంది.